బ్యాటరీ కారు ఆగిపోతోందా? కొత్త సెట్ కొనే ముందు ఎనిమిది రీడింగులు తీయండి

ఈరోజు టేబుల్ మీద ఫోన్ లేదు, ల్యాప్‌టాప్ లేదు. గోల్ఫ్ కార్ట్ గురించి మాట్లాడుకుందాం. మనలో గోల్ఫ్ ఆడేవాళ్లు ఎంతమందో గానీ, ఆ బండి మాత్రం చాలామంది ఎక్కే ఉంటారు. రిసార్టుల్లో, జూలో, పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో, కొన్ని రైల్వే స్టేషన్లలో పెద్దవాళ్లని ప్లాట్‌ఫామ్ మీద తిప్పే బండి. మనం బ్యాటరీ కారు అంటామే, అదే.

ప్రశ్న ఎప్పుడూ ఒకటే ఉంటుంది. "అన్నా, రాత్రంతా ఛార్జింగ్ పెట్టాం, రెండు రౌండ్లకే పడుకుంటోంది. బ్యాటరీలు పోయినట్టేనా?" పోయి ఉండొచ్చు, పోకపోయి కూడా ఉండొచ్చు. కానీ చూడకుండానే "మొత్తం సెట్ మార్చాలి సార్" అనేవాళ్లని చూస్తే నాకు ఆఫీసులో లాగ్స్ తెరవకుండానే సర్వర్ మార్చేద్దాం అనే మేనేజర్ గుర్తొస్తాడు.

ముందు సీటు కింద ఏముందో చూద్దాం. చాలా బండ్లు 48 వోల్టులవి. 6 వోల్టుల బ్యాటరీలు ఎనిమిది ఉండొచ్చు, 8 వోల్టులవి ఆరు ఉండొచ్చు, 12 వోల్టులవి నాలుగు ఉండొచ్చు. ఎలా ఉన్నా అన్నీ సిరీస్‌లోనే, గొలుసు లింకుల్లా. లోపల చూస్తే 24 సెల్స్, ఒక్కోటి రెండు వోల్టులకి కొంచెం పైన. గొలుసులో ఒక్క లింకు వీక్ అయితే మిగతావి ఎంత గట్టిగా ఉన్నా బండి దాని దగ్గరే ఆగుతుంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతాదంతా ఈజీ.

చేయి పెట్టే ముందు రెండు మాటలు. ఉంగరం, వాచీ, మెడలో గొలుసు తీసేయండి. 48 వోల్టుల షాక్ కంటే షార్ట్ సర్క్యూట్‌తోనే ఎక్కువ డేంజర్. స్పానర్ రెండు టెర్మినల్స్ మీద అడ్డంగా పడిందంటే అక్కడే వెల్డింగ్ అయిపోతుంది. అందుకే స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేప్ చుట్టుకోండి. ఛార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దగ్గర్లో సిగరెట్ వద్దు, సీటు మూసి ఛార్జ్ చేయడం కూడా వద్దు. కొన్ని బండ్లకి రన్, టో అని స్విచ్ ఉంటుంది, దాన్ని టోలో పెట్టాకే కేబుల్ ముట్టుకోండి. కళ్లకి అద్దాలు, చేతులకి గ్లవ్స్. యాసిడ్ అండీ అది.

ఇప్పుడు మీటర్. డీసీ వోల్ట్స్‌లో పెట్టండి. ఛార్జింగ్ తీసిన వెంటనే కొలవొద్దు, పైపై వోల్టేజ్ చూపించి మోసం చేస్తుంది. నాలుగైదు గంటలు ఆగండి. నీళ్లు పోసే రకం లెడ్ యాసిడ్ సెట్ అయితే మొత్తం 50.9 దగ్గర ఉంటే ఫుల్. 48.4 దగ్గర ఉంటే సగమే. చాలామంది "48 బండికి 48 చూపిస్తోంది కదా, కరెక్టే" అనుకుంటారు, కాదు బాస్, అప్పటికే సగం కంటే కిందకి దిగిపోయింది. 46.5కి వచ్చిందంటే దాదాపు ఖాళీ.

కానీ మొత్తం లెక్క చూసి సంతోషపడొద్దు, అసలు విషయం అక్కడ దాక్కుంటుంది. మొన్న హైదరాబాద్ శివార్లలో ఒక కమ్యూనిటీకి వెళ్లాం. పేరు చెప్పను. గేటు దగ్గర్నుంచి పెద్దవాళ్లని బ్లాకులకి చేర్చే బండి అది. కమిటీ వాళ్లు కొత్త సెట్‌కి కొటేషన్ తెప్పించేశారు. అంతకన్నా బాధ ఏంటంటే, డ్రైవర్ అన్న సరిగ్గా ఛార్జింగ్ పెట్టట్లేదని, ఆయన జీతంలో నెలకి రెండు వేలు కట్ చేద్దామని మాట్లాడుకుంటున్నారు. ఆయన మాత్రం "రోజూ రాత్రి తొమ్మిదికి పెడుతున్నా బాబూ, కావాలంటే వాచ్‌మన్‌ని అడగండి" అంటున్నాడు. ఎవరూ వినట్లేదు.

మొత్తం కొలిస్తే 49.6. మరీ చెడ్డ నంబరేం కాదు. అప్పుడు ఎనిమిదింటినీ విడివిడిగా కొలిచి, వాటి మీదే చాక్‌పీస్‌తో రాశాం. ఆరు బ్యాటరీలు 6.3, రెండు మాత్రం 5.9. ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. యాదృచ్ఛికం అనుకోవడానికి లేదు కదా. వాటి నుంచి సన్న వైర్లు రెండు డాష్‌బోర్డ్ కిందకి పోతున్నాయి. పట్టుకుని వెళితే స్పీకరు, ముందు లైట్లు. ఎవరో మెకానిక్ 12 వోల్టులు కావాలని, ఆరు ప్లస్ ఆరు పన్నెండు అని అక్కడ తగిలించేశాడు.

దీంతో ఏమవుతుంది? పాటలకి, లైట్లకి ఆ రెండు బ్యాటరీలే కరెంటు ఇస్తాయి. రాత్రి ఛార్జింగ్‌లో మాత్రం అన్నింటికీ ఒకే కరెంటు వెళ్తుంది, సిరీస్ కాబట్టి. ఆరు నిండేసరికి ఛార్జర్ మొత్తం వోల్టేజ్ చూసి సరే అయిపోయింది అనుకుంటుంది. ఈ రెండూ ఏ రోజూ పూర్తిగా నిండవు. అలా నెలలు గడిస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. తప్పు ఛార్జింగ్ పెట్టే మనిషిది కాదు, ఆ వైరుది.

ఊరికే అనుమానం మీద చెప్పలేం కదా, లోడ్ టెస్ట్ కూడా చేశాం. మీటర్‌కి క్లిప్పులు తగిలించి, వైర్లు బయటికి లాగి, సీటు వేసేసి, ర్యాంప్ ఎక్కించాం. ఒక్కో బ్యాటరీకి ఒక్కో ట్రిప్పు. మంచివి 5.9 దగ్గర నిలబడ్డాయి. ఆ రెండూ 5.1కి, 4.9కి పడిపోయాయి. తర్వాత హైడ్రోమీటర్. ఇది బ్యాటరీ షాపుల్లో దొరికే గాజు గొట్టం, యాసిడ్ లాగి సాంద్రత చూపిస్తుంది. ఫుల్ ఛార్జ్‌లో 1.265 నుంచి 1.280 మధ్య ఉండాలి. మంచివాటిలో బాగానే ఉంది, ఈ రెండింట్లో మూడు సెల్సూ 1.190 అటూఇటూ. అన్ని సెల్సూ సమానంగా తక్కువుంటే ఛార్జ్ అందలేదని. ఒక్క సెల్ మాత్రమే బాగా కిందకి పోయి, మిగతా రెండూ బాగుంటే ఆ సెల్ చచ్చిందని. ఈ తేడా తెలిస్తే చాలు, షాపువాడు మిమ్మల్ని ఆడుకోలేడు.

వైర్లు తీసేసి, ఆ జంటని గొలుసు నుంచి పూర్తిగా విడదీసి, మామూలు 12 వోల్టుల ఛార్జర్‌తో నెమ్మదిగా ఛార్జ్ చేశాం. ఒకటి 1.255 వరకు లేచింది. రెండోది 1.215 దగ్గర మొండికేసింది, దానికి మాత్రం జోడీ వెతకాల్సిందే. అదే మోడల్, వీలైతే దాదాపు అదే వయసుది. పాత ఏడింటి మధ్య సరికొత్తది ఒకటి పెడితే అది పూర్తి పనితనం చూపించదు. ఏదైనా సెట్ మొత్తం ఖర్చు తప్పింది. స్పీకర్‌కి 48 నుంచి 12కి మార్చే డీసీ కన్వర్టర్ పెట్టి, మొత్తం సెట్ మీదనుంచి కరెంటు ఇచ్చాం. రీడింగుల కాగితం కమిటీ వాట్సాప్ గ్రూపులో పెడితే జీతం కట్ మాట ఆగిపోయింది.

ఇక ఛార్జర్ సంగతి. ప్లగ్ పెట్టినా అసలు ఆన్ అవ్వట్లేదంటే వెంటనే ఛార్జర్ పోయింది అనకండి. చాలా ఛార్జర్లు ముందు బ్యాటరీ వోల్టేజ్ ఉందా అని చూస్తాయి. బండిని నెలల తరబడి వదిలేసి వోల్టేజ్ మరీ పడిపోతే ఛార్జర్‌కి బ్యాటరీ ఉన్నట్టే తెలీదు. బ్యాటరీలని విడివిడిగా, వాటి వోల్టేజ్‌కి సరిపడే ఛార్జర్‌తో కొంచెం లేపితే అప్పుడు పెద్దది పట్టుకుంటుంది. 8 వోల్టుల బ్యాటరీకి 12 వోల్టుల ఛార్జర్ మాత్రం పెట్టొద్దు. దీనికి రివర్స్ కేసు కూడా ఉంది, ఛార్జర్ ఎంతకీ ఆగదు. ఒక సెల్ చచ్చిపోతే మొత్తం వోల్టేజ్ టార్గెట్‌కి చేరదు, ఛార్జర్ తోస్తూనే ఉంటుంది, మంచి బ్యాటరీల్లో నీళ్లు ఉడికి ఆవిరైపోతాయి. పావుగంటలో ఫుల్ అని చూపిస్తే, అది ప్లేట్లు సల్ఫేట్ పట్టిన సెట్. వోల్టేజ్ టక్కున లేస్తుంది, లోపల సరుకు ఉండదు.

టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పొడి ఉందా? మూతలు గట్టిగా బిగించి, వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక బిగించి వ్యాజలీన్ రాయండి. బండి తిప్పి వచ్చాక గ్లవ్ తీయకుండానే ఒక్కో జాయింట్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మాత్రమే వేడిగా ఉందంటే అదే దొంగ. 100 ఆంప్స్ లాగుతున్నప్పుడు ఒక లూజు జాయింట్ దగ్గర అర వోల్టు పడిందంటే 50 వాట్లు అక్కడే వేడిగా పోతున్నట్టు. సోల్డరింగ్ ఐరన్ అంత వేడి అన్నమాట.

నీళ్ల విషయంలో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. ఇంట్లో ఆర్‌ఓ నీళ్లు కాదు, యాసిడ్ అసలే కాదు. ఛార్జింగ్ అయ్యాకే నింపండి, ముందే నింపితే పొంగుతుంది. ప్లేట్లు బయటికి కనిపిస్తుంటే మాత్రం, అవి మునిగేంత పోసి ఛార్జ్ చేసి, మిగతాది తర్వాత.

మీ బండిలో ఉన్నది లిథియం సెట్ అయితే ఈ నీళ్లు, హైడ్రోమీటర్ కథలేవీ వర్తించవు. డబ్బా విప్పొద్దు. లోపల బీఎంఎస్ అనే బోర్డు ఉంటుంది, వోల్టేజ్ బాగా పడితే అదే కట్ చేసేస్తుంది. దాన్ని లేపడం కంపెనీ మనిషి పని.

ఈ-రిక్షా నడిపే అన్నలకి కూడా లెడ్ యాసిడ్ అయితే ఇదే పద్ధతి, ఎక్కువగా 12 వోల్టులవి నాలుగుంటాయి, కాబట్టి నాలుగు రీడింగులు చాలు. ఛార్జింగ్ తీసి నాలుగైదు గంటలయ్యాక ఒకసారి, ఎత్తు ఎక్కేటప్పుడు ఒకసారి తీసి కామెంట్లో పెట్టండి. ఏ బ్యాటరీ దగ్గర తేడా కనిపిస్తోందో చూసి చెప్తాను.