పూలకూ గోత్రాలున్నాయి



సంబంధం మాట రాగానే మన పెద్దవాళ్లు ముందు గోత్రమో, ఇంటిపేరో అడుగుతారు కదా! కొన్ని మొక్కలకు ఈ పట్టింపు మనకంటే ఎక్కువ. తన పుప్పొడి తన పువ్వు మీదే పడినా, తన గోత్రపు మరో మొక్క పుప్పొడి పడినా గింజ కట్టనివ్వవు. పెరట్లో ముల్లంగిదీ ఇదే తీరు. విత్తనానికని ఒక్క మొక్కనే వదిలితే కాయ సరిగా పట్టదు. నాలుగైదు మొక్కలు వదలాలి. దగ్గరి రక్తం కలిస్తే మొక్కల సంతానం బలహీనపడుతుందని చార్లెస్ డార్విన్ ఏళ్ల తరబడి పరీక్షలు చేసి, 1876లో పుస్తకమే రాశారు. అన్నట్టు, మొక్కల్లో ఈ గోత్రం తండ్రి నుంచే కాదు, తల్లి నుంచి కూడా వస్తుంది. ఆ మాటకొస్తే అవే నయం!

మరి ఒకచోట ఎన్ని గోత్రాలుంటాయంటారా? అది ఆ మొక్కల పూర్వచరిత్రను బట్టి ఉంటుంది. పెద్ద గుంపు తరతరాలుగా చెదరకుండా ఉంటే గోత్రాలు బోలెడు. పైగా అరుదైన గోత్రానికి జతలెక్కువ దొరుకుతాయి కనుక అది తేలిగ్గా పోదు. కానీ నేల దున్నేసో, రాయి తవ్వేసో గుంపును గుప్పెడు మొక్కలకు దించేశామనుకోండి, ఏ గోత్రం మిగులుతుందో, ఏది పోతుందో అంతా అదృష్టమే. తర్వాత మొక్కల లెక్క పెరిగినా, పోయిన గోత్రం దానంతటది తిరిగి రాదు.

ఉత్తర అమెరికాలో మహాసరస్సుల దగ్గర, సున్నపురాతి నేలల్లో లేక్‌సైడ్ డైసీ అనే పసుపుపచ్చ పూల మొక్క ఉంది. ఇల్లినాయ్ రాష్ట్రంలో దాని ఆఖరి గుంపులో సుమారు 30 మొక్కలు మిగిలాయి. పూలు పూసేవి, కానీ 15 ఏళ్లకు పైగా ఒక్క గింజా కట్టలేదు. పిలకలు వేసే మొక్క కావడంతో, గింజ లేకపోయినా గుంపు పచ్చగానే ఉండేది. లెక్కపెట్టేవాళ్లకు లోపమేమిటో ఎలా తెలుస్తుంది?

మార్సియా డీమౌరో అనే శాస్త్రవేత్త ఆ మొక్కలను వాటిలో వాటికే కలిపి చూశారు. గింజ లేదు. ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున పెరిగే డైసీల పుప్పొడి అద్దితే గింజ కట్టింది! ఇల్లినాయ్‌లో మిగిలినవన్నీ ఒకే గోత్రానివన్నమాట. ఒకదానికొకటి వరుస కాదు.

ఆ గుంపు చివరికి అక్కడ లేకుండా పోయింది. 1988లో ఇల్లినాయ్‌లో ఈ డైసీని మళ్లీ నాటినప్పుడు మాత్రం, ఎన్ని మొక్కలని కాక ఎన్ని గోత్రాలని చూసి, వేర్వేరు గోత్రాలవాటిని పక్కపక్కనే నాటారు.