గంట కొట్టే చేతికి ఒక దారి

హోసూరు, బళ్ళారి, రాయగడ ప్రాంతాల్లో ఏదో ఒక బడిలో మీరు అటెండరుగా ఉండవచ్చు. రోజూ తాళాలు తీస్తారు, గంట కొడతారు, రిజిస్టర్లు మోస్తారు. ఏళ్ళు గడిచినా ఉన్నచోటే ఉన్నామన్న దిగులు సహజమే.

ఒక్కసారి ఆలోచించండి. ఏ పనిలో మీకు పొద్దు తెలియదు? పుస్తకాల బీరువా సర్దడంలోనా? ప్రయోగశాలలో సీసాలు అమర్చడంలోనా? ఫీజు లెక్కల్లోనా? మీ దారి అక్కడే మొదలవుతుంది.

పదో తరగతి మధ్యలో ఆగిందా? 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా, ఉద్యోగం మానకుండా, తెలుగులోనే పూర్తి చేయవచ్చు. వయసు మించిందన్న బెంగ అక్కరలేదు. చేరాక అయిదేళ్ళ గడువుంటుంది. పుస్తకాలంటే ఇష్టమైతే, ఇంటరు తర్వాత ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో గ్రంథాలయ శాస్త్రం సర్టిఫికెట్ కోర్సు ఉంది.

రేపే మీ హెడ్‌మాస్టరు గారిని సలహా అడగండి. సెలవు.