రాష్ట్రపతి సంతకం

నాటి నెల్లూరు జిల్లా తీరంలోని శ్రీహరికోట నుంచి 1980 జులై 18న ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది. ఆ ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం 2002లో రాష్ట్రపతి అయ్యారు.

రాష్ట్రపతి త్రివిధ దళాలకు అధిపతి. అయినా రాజ్యాంగం 74వ అధికరణం ప్రకారం మంత్రిమండలి సలహా మేరకే నడుచుకోవాలి. 111వ అధికరణం మాత్రం ఒక వెసులుబాటు ఇచ్చింది. ద్రవ్య బిల్లు కాని బిల్లును పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చు. పార్లమెంటు మళ్లీ ఆమోదిస్తే సంతకం పెట్టక తప్పదు.

2006లో, కొన్ని లాభదాయక పదవుల్లో ఉన్న ఎంపీలు సభ్యత్వం కోల్పోకుండా చూసే బిల్లును కలాం అలాగే తిప్పి పంపారు. ఉభయ సభలూ మళ్లీ ఆమోదించాయి. ఆయన సంతకం చేశారు.

అభ్యంతరాన్ని నిర్భయంగా చెప్పడం, ప్రజాప్రతినిధుల తుది నిర్ణయాన్ని మన్నించడం, ఈ రెండూ తెలిసినవారే మంచి రాష్ట్రపతి.