వరుస చివర దాగిన అక్షరాలు



ఇంట్లో విండోస్ కంప్యూటర్‌లో మీరొక చిన్న షెల్ స్క్రిప్ట్ రాశారనుకుందాం. దాన్ని కాలేజీ ల్యాబ్‌లోని లినక్స్ కంప్యూటర్‌లో పెట్టారు. చూడటానికి అక్షరం తప్పు లేదు. అయినా నడవదు. ప్రాక్టికల్ పరీక్ష సమయమేమో గడిచిపోతోంది. తప్పు ఎక్కడుంది? వరుస చివర, కంటికి కనబడని చోట ఉంది. దాన్ని పట్టుకోవడం, సరిచేయడం ఎలాగో ఈ రోజు తెలుసుకుందాం.

టైప్‌రైటర్‌ను ఒకసారి గుర్తుచేసుకోండి. వరుస పూర్తికాగానే ఎడమవైపు మీటను నెడతాం. రెండు పనులు జరుగుతాయి. కాగితం ఒక వరుస పైకి కదులుతుంది. క్యారేజ్ మళ్ళీ వరుస మొదటికి వస్తుంది. టెలిప్రింటర్లలో ఈ రెండు పనులకు రెండు సంకేతాలు ఉండేవి. మొదటికి రావడం క్యారేజ్ రిటర్న్, కాగితం కదలడం లైన్ ఫీడ్. 1963లో వెలువడిన ఆస్కీ ప్రమాణంలో వీటి సంఖ్యలు వరుసగా 13, 10.

కాగితం పోయి తెర వచ్చింది. సంకేతాలు మాత్రం మిగిలాయి. డాస్, దాని తర్వాత విండోస్ రెండింటినీ ఉంచుకున్నాయి. యూనిక్స్, లినక్స్ 10 ఒక్కటే చాలనుకున్నాయి. పాత మ్యాకింటాష్ 13 ఒక్కటే వాడింది. 2001లో వచ్చిన మ్యాక్ ఓఎస్ ఎక్స్ 10నే తీసుకుంది. అందుకే 100 వరుసల ఫైలు లినక్స్‌లో కన్నా విండోస్ పద్ధతిలో 100 బైట్లు ఎక్కువ ఉంటుంది.

ఇప్పుడు మన స్క్రిప్ట్ సంగతి చూద్దాం. ఏ ప్రోగ్రాంతో నడపాలో మొదటి వరుస చెబుతుంది. లినక్స్ 10 దగ్గర వరుసను ముగిస్తుంది. దాని ముందున్న 13 ఆ ప్రోగ్రాం పేరుకు తోకలా అంటుకుంటుంది. అటువంటి పేరున్న ప్రోగ్రాం లేదు కనుక పని ఆగిపోతుంది. హాల్ టికెట్ నంబర్ల జాబితాలోనూ ఇదే చిక్కు. 105 అన్న అక్షరాలూ, తోక ఉన్న 105 కంప్యూటర్‌కు వేర్వేరు. జాబితాలో ఉన్న విద్యార్థినే లేడంటుంది.

సరిచేయడం సులువే. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఫైలు తెరవండి. వ్యూ మెనూలో, షో సింబల్ కింద వరుస చివరలను చూపమంటే సీఆర్, ఎల్ఎఫ్ గుర్తులు బయటపడతాయి. ఎడిట్ మెనూలో ఈఓఎల్ కన్వర్షన్‌కు వెళ్ళి, యూనిక్స్ ఎంచుకుని సేవ్ చేయండి. విమ్ ఎడిటర్‌లో ఫైల్‌ఫార్మాట్‌ను యూనిక్స్‌గా మార్చి సేవ్ చేస్తే సరిపోతుంది. తిరుగు ప్రయాణంలోనూ ఇబ్బంది ఉండేది. 2018లో మార్పు వచ్చేదాకా విండోస్ నోట్‌ప్యాడ్ లినక్స్ ఫైలును ఒకే పొడవాటి వరుసగా చూపేది.

ఒక హెచ్చరిక. ఈ మార్పు పాఠ్య ఫైళ్ళకు మాత్రమే. ఫోటోలు, జిప్ ఫైళ్ళలో 13, 10 వరుస ముగింపులు కావు, అసలు సమాచారంలో భాగాలు. వాటిని మారిస్తే ఫైలు పాడవుతుంది. అటువంటి నష్టాన్ని వెంటనే పసిగట్టడానికే పీఎన్‌జీ చిత్రాల ఆరంభ గుర్తులో 13, 10 జంటను కావాలనే చేర్చారు.

మీకొక అభ్యాసం. మూడు వరుసల ఫైలు రాసి, ప్రతి వరుస చివరా ఎంటర్ నొక్కండి. దాన్ని రెండు పద్ధతుల్లో సేవ్ చేసి, బైట్ల సంఖ్య పోల్చండి. మూడు బైట్ల తేడా వస్తే ఈ పాఠం మీకు అర్థమైనట్టే. సెలవు.