పాఠశాలలో ఆఫ్రికా చేపల తొట్టి
(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



మన పాఠశాల ముందరి వసారాలో పెద్ద గాజుతొట్టి యొకటి నిలిపి, అందు ఆఫ్రికా ఖండపు సిక్లిడ్ చేపలను పెంచవలెనని తల్లిదండ్రుల సంఘమువారు తీర్మానించి, చందాలు గూడ వసూలు చేయుచున్నారు. సంతోషము. మూడు వారములలో రానున్న వార్షికోత్సవమునాడే ముఖ్య అతిథిగారి చేతులమీదుగా చేపలను వదలింపవలెనని పలువురు కోరుచున్నారు. ఆనాడు తొట్టిని ప్రారంభింపవచ్చును గాని, చేపలను వదలుటకు వీలులేదని నా అభిప్రాయము. ఏల వీలులేదో చెప్పుటకే ఈ నాలుగు మాటలు. ఇంటియొద్ద మూడడుగుల తొట్టిలో కొన్నేండ్లుగా నేనీ చేపలనే పెంచుచున్నాను. ఈ విద్యలో పండితుడను గాను. అయినను చేతులు తడిసినవాడను.

సిక్లిడ్ అను పేరు మీకు క్రొత్తగా తోచవచ్చును. కాని ఆ కుటుంబపు చేపను మీలో పెక్కురు తినియే యుందురు. తమిళ సోదరులు జిలేబి కెండై అని పిలుచు తిలాపియా ఆఫ్రికా సిక్లిడ్డే. 1952లో దానిని మన దేశమునకు తెచ్చిరి. మలయాళీలు మక్కువతో తిను కరిమీను గూడ ఈ కుటుంబములోనిదే. అది మన దేశపు చేప, పులికాటు సరస్సునందును గలదు. మనము పెంచదలచినవి మాత్రము తూర్పు ఆఫ్రికాలోని మలావీ సరస్సునకు చెందినవి.

ఆ సరస్సు పొడవు సుమారు 570 కిలోమీటర్లు. మనము మద్రాసులో రైలెక్కి రాజమండ్రిలో దిగునంత దూరమన్నమాట! లోతు 700 మీటర్లు. మలావీ, మొజాంబిక్, టాంజానియా దేశముల నడుమ నున్న ఈ సరస్సును లివింగ్‌స్టన్ 1859లో చేరెను. ఇందలి సిక్లిడ్ జాతులు ఏడువందలకు తక్కువ గావని శాస్త్రజ్ఞుల అంచనా. వానిలో దాదాపు అన్నియు ప్రపంచమున మరెక్కడను లేవు. ఒడ్డున రాళ్లగుట్టల నడుమ బ్రతుకు చిన్న జాతులను అక్కడివారు ఎంబునా అందురు. పసుపుముద్ద వంటిదొకటి, నీలముపై నల్లచారలు గలదొకటి, నారింజవన్నెది మరొకటి. తల్లిచేప గ్రుడ్లను నోటనే యుంచుకొని, ఇంచుమించు మూడు వారములు మేత మాని, పిల్లలు ఈదగలిగిన పిమ్మట బయటికి వదలును. ఇదే సరస్సులో లివింగ్‌స్టన్ పేరు పెట్టిన జాతి యొకటి ఇసుకపై చచ్చినట్లు పడియుండి, పొడిచి తినవచ్చిన చిన్నచేపలను తానే పట్టి మ్రింగును. దొంగనిద్ర యన్న మాటకు అంతకన్న మంచి ఉదాహరణము లేదు. దానిని మన తొట్టిలో పెట్టబోము లెండి.

ఇక నీటి సంగతి. మన బోరునీటిలో సబ్బు నురగరాదని, గిన్నెల అడుగున తెల్లని పెచ్చు కట్టుచున్నదని మీరు ఏటేట ఫిర్యాదు చేయుచుందురు. మలావీ చేపలకు కావలసినది అట్టి క్షారగుణము గల నీరే! దాని పి.హెచ్. 7.8 మొదలు 8.6 వరకు ఉండవచ్చును. అయితే సముద్రము దాపున నున్నాము గాన, ఉప్పుతనము మితిమీరినదో లేదో ముందు పరీక్ష చేయింపవలయును. కార్పొరేషన్ నీరు వాడినచో అందలి క్లోరిన్ పోవుటకు హైపో కలుపక తప్పదు.

తొట్టి ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉండవలెనని నా కోరిక. అంతకన్న చిన్నదైనచో ఈ పోట్లాట చేపలకు పారిపోవుటకు చోటుండదు. పన్నెండు మిల్లీమీటర్ల అద్దమే సుమారు 120 కిలోలు తూగును. రాళ్లు నూరు, ఇసుక ఎనుబది, నీరు సుమారు 550. ఇనుప బల్లతో కలిపి 900 కిలోలు. పెద్దవారు పదునైదుగురు ఒక్క మంచమంత చోట నిలిచినట్లు! కావుననే మేడమీది సైన్సు గది వలదని, క్రింది వసారాయే కావలెనని పట్టుపట్టితిని. బల్ల నలుమూలల మట్టము సరిచూచి, తొట్టి క్రింద థర్మోకోల్ పలక పరువవలయును. మట్టములో కొద్దిపాటి తేడాయే అద్దమును చీల్చును.

రాళ్లను ఇసుకమీద పేర్చుట పొరపాటు. ఈ చేపలు రేయింబవళ్లు ఇసుక త్రవ్వును. క్రింది ఇసుక పోగానే రాయి దొర్లి అద్దమునకు తగులును. ముందు రాళ్లను అడుగునగల పలకపై కదలకుండ కూర్చి, ఆ పిమ్మటనే ఇసుక పోయవలయును. ప్రతి బలహీనమైన చేపకు దూరుటకొక సందు ఉండునట్లు గుహలు గుహలుగ కూర్చవలెను. ఈ పని మన తాపీమేస్త్రీ కంటె పిల్లలే బాగుగ చేయుదురని నా నమ్మకము.

ఇప్పుడు అసలు చిక్కునకు వచ్చితిని. చేప విసర్జించిన మలినము, మిగిలిన మేత కుళ్లి అమోనియా యగును. అది విషము. ఫిల్టరులోని స్పంజిపై నివసించు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, మరికొన్ని ఆ నైట్రైటును అంతగా హానిలేని నైట్రేటుగను మార్చును. క్రొత్త తొట్టిలో ఆ జీవులుండవు. అవి చాలినంతగ పెరుగుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. మరియొక సంగతి గమనింపుడు. తటస్థమైన నీటిలో అమోనియా నూటికి ఒక పాలు గూడ విషరూపమున నుండదు, పి.హెచ్. 8కి చేరినచో ఆ విషభాగము ఇంచుమించు పదిరెట్లగును. అనగా ఏ నీటి గుణమును ఈ చేపలు కోరునో, ఆ గుణమే క్రొత్త తొట్టిలో వాని ప్రాణము తీయును. మూడవ వారమున పండుగ చేసి, నాలుగవ వారమున చచ్చిన చేపలను పిల్లల కన్నులయెదుట వలతో దేవుట నాకు సమ్మతము గాదు.

కావున వార్షికోత్సవమునాడు ముఖ్య అతిథిగారు మోటారు మీట నొక్కుదురు. రాళ్లను, నీటిని చూచుటకు మమ్ము పిలిచితిరా యని వచ్చినవారు నవ్వుదురు. నవ్వనిండు. ఆ దినము మొదలు ఎనిమిదవ తరగతి పిల్లలు దినమునకొక చిటికెడు మేత నీటిలో వేయుచు, రెండు దినములకొకమారు టెస్ట్ కిట్‌తో నీటిని పరీక్షించి, అంకెలను తెలుగులో రిజిస్టరునందు వ్రాయుదురు. అమోనియా పెరిగి తగ్గును, పిదప నైట్రైటు పెరిగి తగ్గును. నత్రజని చక్రమని పాఠ్యపుస్తకమున బాణపు గుర్తులతో నున్న బొమ్మ ఇదియే. ఆ రెండును సున్నయై వారము దినములు నిలిచినప్పుడే కొళత్తూరు బజారునకు పోయి చేపలు తెత్తము. పాత తొట్టిలోని స్పంజి ముక్క యొకటి క్రొత్త ఫిల్టరులో పెట్టినచో గడువు కొంత తగ్గును. నా ఇంటి తొట్టినుండి తెచ్చి ఇచ్చెదను. అయినను మూడు వారములకు మాట ఇయ్యజాలను.

చేపల విషయమున ఒక వింత. తక్కువ చేపలున్నచో బలిష్ఠమగు మగచేప ఒక్కదానినే వెంటాడి చంపును. పాతిక ముప్పది యున్నచో కోపము పలువురకు పంచబడును. మూడు నాలుగు జాతులు చాలును, రంగులు పోలనివై యుండవలెను, పోలినచో సంకరమగును. ఒక్కొక్క మగచేపకు ముగ్గురేసి ఆడచేపలు. ఎంబునాలు రాళ్లపై నాచు గీకి తినునవి. మాంసపు మేత, పురుగులు మరగినచో కడుపుబ్బి చచ్చును. స్పిరులినా మేత, ఉడికించిన బఠాణీ, పాలకూర చాలును. పిల్లలు బిస్కత్తు ముక్కలు వేయకుండ మూతకు తాళముండవలయును.

కరెంటు పోవుట మరచితిరా? ఫిల్టరు గంటకు మూడువేల లీటర్లకు తగ్గక నీటిని త్రిప్పుచుండవలెను. అది ఆగినచో ముందు చేపలకు గాలి చాలదు, ఆపై స్పంజిలోని జీవులు చచ్చును. గాలి పంపు వరకైనను ఇన్వర్టరు కావలెను. మన వేసవిలో హీటరుతో పనిలేదు. నీరు వేడెక్కకుండ మీద ఫ్యాను విసరవలయును. వారమునకొకమారు నూటయేబది లీటర్ల నీరు, అనగా పదిహేను లీటర్ల బిందెలు పది, తీసి క్రొత్తనీరు పోయవలెను. ఆ పని సెలవులలోను ఆగదు.

పిల్లచేపలు తప్పక పుట్టును. ఎక్కువైనవానిని అంగడివానికి ఇయ్యవలెనే గాని, ఏ చెరువునను విడువరాదు. తిలాపియా మన చెరువులలో నెట్లు వ్యాపించినదో చూచియున్నాము. విక్టోరియా సరస్సునందు 1950 ప్రాంతముల వదలిన నైలు పెర్చి అను పెద్దచేప, 1980 ప్రాంతములకు అక్కడి సిక్లిడ్ జాతులను ఎన్నింటినో మ్రింగివేసినది.

సంఘమువారు నేడు నిర్ణయింపవలసినవి రెండు: చేపల తేదీని నా రిజిస్టరునకు విడిచిపెట్టుట, మే నెలలో ఆదివారమునకు ఇద్దరు చొప్పున వచ్చి ఆ పది బిందెలు మార్చుట. రెండవదానికి పేర్లు వ్రాయుటకు ఆఫీసు బల్లపై కాగితముంచితిని. మొదటి ఆదివారము క్రింద నా పేరు వ్రాసితిని. రెండవ పేరునకు చోటున్నది.