ఇప్పచెట్టు కింద ఎలుగుబంటి



ఇద్దరు స్నేహితులు, ఎలుగుబంటి కథ అందరూ విన్నదే. ఒకడు చెట్టెక్కాడు. రెండోవాడు ఊపిరి బిగబట్టి పడుకున్నాడు. ఎలుగు వాసన చూసి వెళ్ళిపోయింది. కథ బాగుంది. కానీ అడవికి పోయే ఆడవాళ్ళు దాన్ని నమ్ముకుంటే కష్టమే. ఎలుగుకు చెట్టెక్కడం బాగా వచ్చు. తేనెపట్టు కోసం ఎంత పెద్ద చెట్టయినా ఎక్కుతుంది.

ఖమ్మం దాటి భద్రాచలం వైపు పోతే పాల్వంచ, ములకలపల్లి, చర్ల, దుమ్ముగూడెం. అంతా అడవి అంచు. 2016 నుంచి ఇది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. కిన్నెరసాని అభయారణ్యం ఇక్కడే ఉంది. ఈ అడవుల్లో ఎలుగులు ఉన్నాయి. గుడ్డెలుగు అని కూడా అంటారు.

ఎండాకాలం వస్తే ఇక్కడి ఆడవాళ్ళకు చేతినిండా పని. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు. ఆ వెనకే తునికాకు. 50 ఆకులు ఒక కట్ట. కట్టలు కల్లంలో అప్పజెబితే డబ్బులు. ఆ డబ్బులతోనే వానాకాలం విత్తనాలు, పిల్లల బట్టలు. "ఎలుగు ఉంది, అడవికి పోవద్దు" అని చెప్పడం తేలికే. పోకపోతే పొయ్యిలో పిల్లి లేస్తుందా?

ఎలుగు కూడా ఆ పువ్వు కోసమే వస్తుంది. ఇప్పపువ్వు రాత్రి మొదలుపెట్టి తెల్లవారేదాకా రాలుతుంది. ఆ తీపి వాసన చాలా దూరం పోతుంది. ఎలుగుకు చూపు తక్కువ. ముక్కు మాత్రం మహా చురుకు. రాత్రంతా తిరుగుతుంది. పుట్టలు తవ్వి చెదలను పీల్చి తింటుంది. దాని పై దవడలో ముందు పళ్ళు రెండు ఉండవు. ఆ సందులోంచే పీలుస్తుంది. తెల్లవారుజామున ఇప్పచెట్టు కిందికి చేరుతుంది. ఆడవాళ్ళు గంప పట్టుకుని చేరేదీ అప్పుడే. పొద్దెక్కితే పువ్వును మేకలు, పశువులు తినేస్తాయి మరి!

ఎలుగు మనిషిని తినడానికి రాదు. మరి ఎందుకు మీద పడుతుంది? భయపడి. పుట్టలో మూతి పెట్టి పీలుస్తుంటే దానికి అడుగుల చప్పుడు తెలియదు. తలెత్తేసరికి ఎదురుగా మనిషి! బెదిరి మీదికి వస్తుంది. పిల్లల తల్లి అయితే ఇంకా ప్రమాదం. ఎలుగు చలికాలంలో ఈనుతుంది. ఎండాకాలానికి పిల్లలు తల్లి వీపు మీద ఎక్కి తిరుగుతుంటాయి. చంటిబిడ్డను కట్టుకుని ఆకుకు పోయే తల్లికి ఆ భయం ఏమిటో వేరే చెప్పాలా?

అందుకే మనిషి వస్తున్న సంగతి ఎలుగుకు ముందే తెలియాలి. తెలిస్తే చాలాసార్లు అదే తప్పుకుంటుంది. నలుగురైదుగురు కలిసి పోవాలి. గట్టిగా మాట్లాడుకుంటూ, పాట పాడుకుంటూ, కర్రతో రాళ్ళ మీద కొడుతూ నడవాలి. చీకటి ఉంటే చేతిలో లైటు ఉండాలి. "ముందు పోయినదానికే పువ్వు ఎక్కువ" అని ఒంటరిగా, చప్పుడు లేకుండా పోవడం మన దగ్గర మామూలే. అదే కొంప ముంచుతుంది. కలిసి పోయి, ఏరిన పువ్వు పంచుకుంటే గంపకు నాలుగు దోసిళ్ళు తగ్గుతాయేమో, అంతే.

చెట్టు కింద శుభ్రం చేయడానికి ఆకులకు నిప్పు పెట్టొద్దు. నిప్పు అడవిలోకి పాకుతుంది. ముందురోజు సాయంత్రమే, వెలుతురు ఉండగా, చీపురుతో ఊడ్చుకోవాలి. కొత్తగా తవ్విన పుట్ట కనబడినా, పువ్వు తొక్కల పెంట కనబడినా ఆ దారి మానుకోవాలి. గుహలు, రాతి సందులు, దట్టమైన పొదల్లోకి చెయ్యి పెట్టొద్దు. పగటిపూట అది పడుకునేది అక్కడే.

ఎదురుపడితే? పరుగెత్తొద్దు. మనకంటే అదే వేగం. రాయి విసరొద్దు. ముఖం దానివైపే ఉంచి, మెల్లగా వెనక్కి నడవాలి. పక్కవాళ్ళంతా ఒకచోట చేరాలి. తల్లికీ పిల్లలకూ మధ్య నిలబడొద్దు. మీద పడితే మాత్రం బోర్లా పడుకుని, రెండు చేతులతో మెడను, తలను కప్పుకోవాలి. అది ఎక్కువగా ముఖం, తల మీదే గోళ్ళు వేస్తుంది. ఆ గోళ్ళు వేలంత పొడవు.

గాయమైతే పసుపు, ఆకుపసరు పెట్టి ఇంట్లో ఉండొద్దు. చిన్న గాయమైతే సబ్బు పెట్టి, పారే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. రక్తం ధారగా కారుతుంటే కడగొద్దు. శుభ్రమైన గుడ్డ అదిమిపట్టి వెంటనే ఆసుపత్రికి పోవాలి. ధనుర్వాతం సూదితో పాటు పిచ్చికుక్క కరిస్తే వేసే సూదులు కూడా వేయించుకోవాలి. ఒక్కటి వేయించుకుని మానేస్తే ఫలితం ఉండదు. డాక్టరు చెప్పిన తేదీలన్నీ గోడ మీద రాసుకోవాలి.

పగ పట్టి ఎలుగును చంపడం, ఉచ్చు పెట్టడం నేరం. 1972 చట్టం దాన్ని కాపాడుతోంది. రామాయణంలో జాంబవంతుడు ఎలుగే కదా!

గాయపడినవాళ్ళకు ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తుంది. దానికి అటవీశాఖ రేంజి ఆఫీసులో అర్జీ పెట్టాలి. ఏ రోజు, ఏ వేళ, ఏ చోట జరిగిందో, చూసినవాళ్ళు ఎవరో రాయాలి. ఆసుపత్రి చీటీలు జతచేయాలి. ఆ అర్జీ రాసిపెట్టమని ఇంకొకరి గుమ్మం ఎక్కనక్కరలేదు. వేలిముద్ర వేయనక్కరలేదు. రెండు కాగితాల మీద రాసి, ఆఫీసులో ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకుని ఇంట్లో దాచుకోవాలి.