ఆడబిడ్డ వాటా, హిజ్రా బిడ్డ వాటా
(ఒక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వాటా అనే మాట మన ఉద్యమాలకు కొత్త కాదు. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చిన నాటి నుంచి చదువులో, ఉద్యోగాల్లో, బ్యాంకు రుణాల్లో ముస్లింల వాటా ఎంత అని ప్రభుత్వాలను అడుగుతూనే ఉన్నాం. 2007లో బి.సి.-ఇ కింద వచ్చిన 4 శాతం రిజర్వేషన్‌ను కాపాడుకోవడానికి కోర్టుల చుట్టూ తిరిగాం. ఆ అడగడంలో న్యాయం ఉంది. అయితే తండ్రి కన్నుమూసిన ఇంట్లో కూతురికి ఎంత దక్కింది, హిజ్రా అయిన బిడ్డకు ఎంత దక్కింది అన్న ప్రశ్న మాత్రం మన సభల్లో వినబడదు. ఈరోజు దాని గురించే మాట్లాడదలిచాం.

దివ్య ఖుర్ఆన్ నాలుగో సూరా ఏడో ఆయత్ అందరికీ తెలిసిందే. తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు విడిచిపోయినదానిలో పురుషులకూ వాటా ఉంది, స్త్రీలకూ వాటా ఉంది. ఆస్తి కొంచెమైనా, ఎక్కువైనా ఆ వాటా నిర్ణయమైనదే. మరి మన ఇళ్లలో జరుగుతున్నదేమిటి? నలభై రోజులు గడవకముందే అన్నదమ్ములు కాగితం తెస్తారు. చెల్లెలు "మాఫ్ చేశాను" అని సంతకం పెడుతుంది. పెట్టకపోతే రేపు పండుగకు పుట్టింటి గడప తొక్కగలనా అన్న భయం ఆమెది. భయంతో పెట్టిన సంతకాన్ని మాఫీ అని ఎలా అంటాం? పెళ్లిలో ఇచ్చిన జహేజే నీ వాటా అనడం మరో రివాజు. జహేజుకూ విరాసత్‌కూ షరీఅత్‌లో ఏ సంబంధమూ లేదు. ఇంకొందరు తండ్రి మంచాన ఉండగానే కొడుకుల పేర హిబా రాయిస్తారు. హిబా చెల్లాలంటే ఇస్తున్నానన్న ప్రకటన, పుచ్చుకునేవారి అంగీకారం, స్వాధీనం అప్పగించడం మూడూ ఉండాలి. ఆఖరి జబ్బులో చేసిన హిబాకు వేరే ఆంక్షలున్నాయి. ఇవన్నీ తెలిసిన పెద్దలే సాక్షి సంతకాలు పెడుతుంటారు!

1937 షరీఅత్ చట్టం ఎందుకు వచ్చిందో ఇక్కడ గుర్తు చేసుకోవాలి. స్థానిక ఆచారాల పేరుతో ముస్లిం స్త్రీల వారసత్వాన్ని కాజేస్తుంటే, ఆ ఆచారాలు పోవాలని ముస్లిం మహిళా సంఘాలే గొంతెత్తాయి. ఆ మాట చట్టం ఉద్దేశాల ప్రకటనలోనే నమోదయింది. అయినా వ్యవసాయ భూమిని మూల చట్టం మినహాయించింది. మద్రాసు రాష్ట్రం 1949లో సవరించుకుని భూమిని కూడా చేర్చింది. నేడు మనం ఏ పర్సనల్ లాను కాపాడాలంటున్నామో, దాని పునాదిలో ఆడబిడ్డ వాటా ఉంది.

ఇక హిజ్రా బిడ్డల సంగతి. కొడుకు నడక, మాట తేడాగా ఉందని పన్నెండు, పదమూడేళ్ల వయసు నుంచే కొట్టడం మొదలవుతుంది. చివరికి ఆ బిడ్డ ఇల్లు విడిచి ఏదో గురువు నీడకు చేరుతుంది. రేషన్ కార్డులో పేరు పోతుంది. చెల్లెలి నికాకు పిలుపు రాదు. తండ్రి జనాజాకు వస్తే వెనక వరుసలో కూడా నిలబడనివ్వని చోట్లున్నాయి. ఆస్తి పంపకం నాటికి అలాంటి బిడ్డ ఒకరున్నారన్న మాటే ఎవరూ ఎత్తరు. కొందరు ఉర్దూ పత్రికలో "ఆఖ్" ప్రకటన వేయించి, తమ బిడ్డే కాదని తెంచుకుంటారు.

ఆ ప్రకటనకు షరీఅత్‌లో ఏ విలువా లేదు. వారసత్వం తండ్రి ఇచ్చే బహుమతి కాదు, కోపం వచ్చి వెనక్కి తీసుకోవడానికి. వారసుడికి అడ్డుపడే కారణాలుగా ఫిఖ్‌హ్ చెప్పినవి వేళ్లమీద లెక్కపెట్టదగినవి: ఆస్తిపరుణ్ణి చంపడం, మతం వేరవడం, ఆ కాలపు బానిసత్వం. చీర కట్టడం ఆ జాబితాలో లేదు. వసీయత్ రాసి తప్పించుదామన్నా మూడోవంతుకు మించి చెల్లదు. మిగతా రెండు వంతులు వారసులందరివీ.

ఫిఖ్‌హ్ గ్రంథాల్లో "ఖున్సా" అన్న అధ్యాయమే ఉంది. పుట్టుకతో స్త్రీ పురుష లక్షణాలు రెండూ ఉన్నవారికి నమాజు వరుసలో చోటు ఎక్కడ, వారసత్వంలో ఎంత అని వందల ఏళ్ల క్రితమే ఉలమా కూర్చుని చర్చించారు. తక్కువ వాటా ఇవ్వాలన్నది ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. స్త్రీ వాటాలో సగం, పురుష వాటాలో సగం కలిపి ఇవ్వాలన్నవారూ ఉన్నారు. సొంత బిడ్డకు అసలే లేదన్న ఇమాము లేరు. నేటి హిజ్రాలందరూ ఈ నిర్వచనంలోకి రారని కొందరు పెద్దలు అంటారు. నిజమే, శరీరం వేరు, మనసుకు తెలిసిన గుర్తింపు వేరు. దానిపై ఉలమా మధ్య చర్చ ఇంకా ఉంది. ఆ చర్చ తేలేదాకా వాటా ఆగనక్కర్లేదు. ఖున్సా కాదంటారా, అయితే మీ లెక్కలోనే కొడుకు. కొడుకు వాటా ఇవ్వండి.

రాజ్యం కూడా వీరికి చేసింది తక్కువ అన్యాయం కాదు. 1871లో బ్రిటిషువారు నేరస్థ జాతుల చట్టంలో హిజ్రాలను చేర్చారు. అదే దారిలో మన హైదరాబాద్ సంస్థానంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, ఒక చట్టం వచ్చింది. వారి పేర్లు రిజిస్టరులో రాయాలి. ఆడ దుస్తులతోనో నగలతోనో బజారులో కనిపిస్తే వారంటు లేకుండానే పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. నిజాం కాలాన్ని తలచుకుని మురిసిపోయే మనం ఈ పేజీ కూడా చదవాలి. సుప్రీంకోర్టు 2014లో నల్సా తీర్పులో తమ లింగ గుర్తింపు తామే చెప్పుకునే హక్కును ఒప్పుకున్నాక కూడా ఆ చట్టం పుస్తకాల్లోనే ఉండిపోయింది. ట్రాన్స్‌జెండర్ కార్యకర్తలు కోర్టుకెక్కగా, తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టివేసింది.

మా మాటలకు ఒక అభ్యంతరం ఎప్పుడూ వస్తుంది. "బయటివాళ్లు మనమీద రాళ్లు విసురుతుంటే మీరు ఇంటి గుట్టు బయటపెడతారా?" ఆ బాధ మాకూ తెలుసు. 2017లో సుప్రీంకోర్టు ఒక్కసారి మూడు తలాకులను కొట్టేశాక కూడా, చెల్లని మాటకు మూడేళ్ల జైలని 2019లో చట్టం తెచ్చారు. భర్త జైల్లో ఉంటే భార్యకు మనోవర్తి ఎవరిస్తారో ఆలోచించలేదు. ఆ చట్టాన్ని వ్యతిరేకించాం, ఇప్పటికీ వ్యతిరేకిస్తున్నాం. కాని 2024 జులై 10న, తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే, విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి 125వ సెక్షన్ కింద మనోవర్తి హక్కుందని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, పర్సనల్ లా బోర్డు ఆ తీర్పును వెనక్కి మళ్లించాలని తీర్మానించింది. రెండో సూరా 241వ ఆయత్‌లో విడాకులైన స్త్రీలకు ధర్మబద్ధంగా ఇవ్వవలసినది ఉందని అల్లాహ్ ఆదేశం. అది మనం మనంగా ఇప్పించి ఉంటే ఆమె కోర్టు మెట్లెక్కేదా? ఇంటి గుట్టు అనే మాట ఎప్పుడూ ఇంట్లో బలహీనుల నోటికే తాళం వేస్తుంది.

మసీదు కమిటీల నుంచి మేము అడుగుతున్నది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. మొహల్లాలో ఎవరైనా చనిపోతే, అంత్యక్రియల ఖర్చు, అప్పు, చెల్లించని మెహర్ తీసివేశాక వారసులెవరెవరో కమిటీ పెద్దలు రాసి చదివి వినిపించండి. దూరంగా ఉన్న హిజ్రా బిడ్డ పేరు కూడా అందులో ఉండాలి. చెల్లెళ్లు మాఫ్ చేశామంటే, ముందు వారి వాటా వారి చేతికివ్వండి; ఆ తర్వాత తిరిగి ఇస్తారో లేదో వారిష్టం. హిజ్రాల జనాజా నమాజుకు ఇమాములు వెనకాడవద్దు. ఖబ్రస్తాన్‌లో చోటు కోసం వారి గురువులు బతిమాలుకునే స్థితి ఉండకూడదు. ఒక జుమా ఖుత్బా ఏడాదికోసారి విరాసత్ మీద చెప్పించండి.

సభ ముగిశాక మేము ఇక్కడే ఉంటాం. పంపకం కాగితాలు, హిబానామాలు, మెహర్ రాసిన నికానామాలు ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకురండి. మొహల్లాలో ఇల్లు విడిచిన బిడ్డ ఎవరైనా తెలిసి ఉంటే, వారి అనుమతి అడిగి వారినే మా దగ్గరకు పంపండి.